కొచ్చి వాటర్ మెట్రో: అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవెక్కింది

నేను కొచ్చికి వచ్చి రెండేళ్ళు దాటింది, ఆఫీసు కాక్కనాడ్‌లో, ఇల్లు వైట్టిల దగ్గర. ఈ కాక్కనాడ్ పేరుతో ఒక తంటా ఉంది, మా మావయ్య ఇప్పటికీ నేను కాకినాడలో ఉద్యోగం చేస్తున్నాననే అనుకుంటున్నాడు, "పక్కనే ఉండి కూడా ఒక్క ఆదివారం ఇటు రావేంట్రా, వస్తే కాజాలు పట్రా" అని ఫోన్ చేసినప్పుడల్లా నిష్ఠూరం. సరే అది పక్కన పెడితే, రోజూ ఆఫీసుకి వాటర్ మెట్రోలోనే, అంటే ఇక్కడి బ్యాటరీ పడవల సర్వీసులోనే వెళ్తాను కాబట్టి దీని గురించి రాయాలని చాన్నాళ్ళ నుంచి అనుకుంటున్నా, బద్ధకం. మొన్న అమ్మ వచ్చి పది రోజులు ఉండి వెళ్ళింది, ఆవిడతో కలిసి తిరిగాక ఇక రాయకుండా ఉండలేకపోయా. రేటింగ్ చూసి వెళ్ళిపోయేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు కోశానో కింద ఉంది.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది కోనసీమలో ఒక లంక. చుట్టూ గోదారి, వంతెన లేదు, బయటికి రావాలంటే పడవే గతి. స్కూలుకెళ్ళే పిల్లలు, ఆస్పత్రికెళ్ళే ముసలాళ్ళు, కొబ్బరికాయల లోడు, పెళ్ళికూతురు, అన్నీ పడవ మీదే. అలాంటి ఊళ్ళో పుట్టి అలాంటి ఊళ్ళోకే కోడలిగా వచ్చిన మనిషికి నీళ్ళంటే భయం ఎందుకుంటుంది. కానీ మోకాళ్ళు పోయాయి, దానికి తోడు ఏడెనిమిదేళ్ళ కిందట ఒక రేవులో దిగుతుంటే పడవకీ ఒడ్డుకీ మధ్య వేసిన బల్ల జారింది, ఒక కాలు పడవలో ఒక కాలు బురదలో, ఎముక విరగలేదు గానీ మూడు నెలలు మంచం మీదే. అప్పట్నుంచి ఆవిడ భయమంతా ఆ బల్ల మీదే. పడవలో గంట కూర్చోమన్నా కూర్చుంటుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం అటొకరు ఇటొకరు పట్టుకోవాలి, ఆ పట్టుకునేవాళ్ళు తెలియని మగాళ్ళయితే ఆవిడకి అదొక సిగ్గు.

అందుకే బ్యాటరీ గురించి తర్వాత, ముందు రేవు గురించి రాస్తా. వైట్టిల హబ్‌లో బస్టాండు, మెట్రో స్టేషను, పడవల టెర్మినలు అన్నీ ఒక్క చోటే. మెట్రో రైలుకి వాడే కొచ్చి వన్ కార్డే ఇక్కడా పనికొస్తుంది, లేదంటే కౌంటర్లో టికెట్టు. కాక్కనాడ్‌కి 30 రూపాయలు. గేటు దాటితే కాస్త ఏటవాలుగా ఒక ర్యాంపు, దాని చివర నీళ్ళలో తేలుతుండే పెద్ద తెప్ప, పాంటూన్ అంటారు. అసలు గుట్టంతా దీనిలోనే ఉంది. కొచ్చిలో నీళ్ళు రోజూ మీటరు దాకా ఎక్కి దిగుతుంటాయి, మనవైపు పోటు పాటు అంటామే అదే. గట్టుకి కట్టిన మెట్లయితే పోటప్పుడు పడవ పైకొచ్చేస్తుంది, పాటప్పుడు కిందకెళ్ళిపోతుంది, అప్పుడు బల్ల వేసుకోవాలి లేదా గెంతాలి. ఇక్కడ పడవా తెప్పా కలిసి లేస్తాయి కలిసి దిగుతాయి, మారేది ర్యాంపు ఏటవాలు ఒక్కటే. పడవ అంచూ తెప్ప అంచూ ఎప్పుడూ ఒకే ఎత్తు.

అమ్మ ర్యాంపు దిగేటప్పుడే చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుంది, అలవాటు. సిబ్బందిలో ఒక కుర్రాడు మోకు గుంజకి రెండు చుట్లు చుట్టి పక్కకి జరిగి "సూక్షిచ్చు" అన్నాడు, జాగ్రత్త అని. నేను చెయ్యి చాపాను. ఆవిడ నా చెయ్యి వైపు చూడలేదు, కింద అంచు వైపు చూసింది, చూసి, ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి నడిచినట్టు నడిచి లోపలికి వెళ్ళిపోయింది. సీట్లో కూర్చున్నాక కుచ్చిళ్ళు వదిలి "ఇదేనేంట్రా పడవ? ఎక్కేశామా?" అంది. ఎక్కేశాం అన్నాను. మళ్ళీ తల తిప్పి ఆ గుమ్మం వైపు చూసింది. మా వెనకే వీల్‌చెయిర్లో ఒక పెద్దాయన్ని తోసుకుంటూ తీసుకొచ్చారు, ఎవరూ ఎత్తలేదు, దించలేదు.

ఇక లోపల. ఏసీ ఉంటుంది, పక్కలంతా పెద్ద అద్దాలు, సీట్లు 50, నిలబడడానికి ఇంకో 50 మంది, మొత్తం 100 దాటితే గేటు తెరుచుకోదు. ఇది చిన్న విషయం అనుకోకండి. 2023 ఏప్రిల్ 25న ఈ సర్వీసుని ప్రారంభించారు, సరిగ్గా పన్నెండు రోజులకి మే 7న మలప్పురం జిల్లా తానూర్‌లో ఒక టూరిస్టు పడవ కిక్కిరిసిన జనంతో తిరగబడి 22 మంది పోయారు. మనకి 2019 సెప్టెంబర్లో గోదారిలో కచ్చులూరు పడవ ప్రమాదం ఉండనే ఉంది. గోదారి జిల్లాల వాళ్ళెవరైనా ఇప్పుడు పడవెక్కితే ముందు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయా అనే చూస్తారు, అమ్మా అదే చూసింది. ఉన్నాయి. మనుషుల్ని కళ్ళతో కాకుండా గేటుతో లెక్కపెట్టడం అనేది నాకు ఈ మొత్తం సిస్టమ్‌లో బాగా నచ్చిన రెండో విషయం, మొదటిది ఆ తెప్పే.

సౌండు గురించి ఒక ముక్క చెప్పాలి. మా పడవల్లో ఇంజిను మోతకి అందరూ అరుచుకుని మాట్లాడతారు, అది ఎంత అలవాటంటే అమ్మ ఇక్కడ కూడా కూర్చోగానే అదే గొంతుతో మొదలెట్టింది, మా పెదనాన్న కొబ్బరితోట ఎంతకమ్మాడు, ఆ డబ్బులు పెద్ద కొడుక్కే ఎందుకిచ్చాడు, చిన్న కోడలు ఏమంది, మొత్తం పురాణం. బ్యాటరీ పడవలో ఏముంటుంది, సన్నగా ఒక గుయ్యిమనే శబ్దం, నీళ్ళ చప్పుడు, అంతే. మా మాటలు చివరి వరస దాకా వినపడుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది, మలయాళీలే కదా ఎవరికర్థమవుతుందిలే అని ఊరుకున్నా. ముందు వరసలో మెడలో ఐడీ కార్డు వేసుకున్నావిడ వెనక్కి తిరిగి "ఆయ్, ఏ ఊరండీ మీది? మాది రాజోలండి" అంది. అమ్మ ఆనందం చూడాలి. ఆ తర్వాత పావుగంట సేపు నేను ఆ పడవలో లేనట్టే లెక్క. ఏసీ పడవలో ఇంటి గుట్టు మాట్లాడొద్దు, ఇదొక ఉచిత సలహా.

పడవ నడిపే ఆయన్ని చూపించి, వీళ్ళ భాషలో స్రాంక్ అంటారమ్మా అన్నాను. "మన సరంగే కదరా" అంది. అదే మాట, రెండు రేవుల్లో రెండు రకాలుగా నలిగింది.

వైట్టిల నుంచి కాక్కనాడ్ దారి ఫొటోల్లో కనిపించే కొచ్చి కాదు. చైనా వలలూ ఓడలూ ఉండవు, సన్నటి నీటిపాయ, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, ఎవరి పెరట్లోనో ఆరేసిన బట్టలు, అక్కడక్కడా మనకి బాగా తెలిసిన గుర్రపుడెక్క. దీన్ని వీళ్ళు పాయల్ అంటారు, వానల తర్వాత పచ్చ దుప్పటి పరిచినట్టు వచ్చేస్తుంది, పడవలకి ఇక్కడ ఎప్పుడూ ఉండే గొడవే ఇది. అమ్మకైతే ఈ రూటే నచ్చింది, ఫోర్ట్ కొచ్చి కన్నా. మన ఊరి కాలవలాగే ఉంది, శుభ్రం చేస్తే, అంది.

స్పీడు విషయానికొస్తే బ్యాటరీ మీద 8 నాట్లు, అంటే గంటకి దాదాపు 15 కిలోమీటర్లు, జనరేటర్ కూడా కలిస్తే ఇంకో రెండు నాట్లు ఎక్కువ. ఇది అమ్మకి చెబితే "ఎనిమిది నాట్లా, దాళ్వావా?" అంది. వెటకారమో నిజంగానే అడిగిందో ఇప్పటికీ తెలీదు. బైక్ మీద వెళ్ళేవాడికి ఇది నత్తనడకే, కానీ ఆఫీసు టైములో వైట్టిల జంక్షన్ ట్రాఫిక్ చూసినవాడు ఆ మాట అనడు. పైగా ఇరుకు పాయలో జోరుగా పోతే అల లేచి గట్లు కోసుకుపోతాయి, చిన్న పడవల్లో వల వేసుకునేవాళ్ళు తిట్టుకుంటారు. రెండు పొట్టలున్న కాటమరాన్ పడవ కాబట్టి నీళ్ళు పెద్దగా చెదరవు.

ఇక బ్యాటరీ, డబ్బు కథ, నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం సాగదీస్తా. దీనికి అప్పిచ్చింది జర్మనీ వాళ్ళ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ, 85 మిలియన్ యూరోలు, ఒప్పందం 2016లోనే అయ్యింది. దానం కాదు, అప్పే. బ్యాటరీలు స్వీడన్‌లో ఎకాండియా అనే కంపెనీవి, వాటి లోపలుండే సెల్స్ జపాన్ తోషిబావి. పడవ కట్టింది మాత్రం ఇక్కడే, మేం రోజూ చూసే కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో. పెళ్ళిపందిరికి తాటాకు ఒకరింటి నుంచి, వాసాలు ఒకరింటి నుంచి, తాళ్ళు ఇంకొకరింటి నుంచి వచ్చినట్టు. ఈ సెల్స్‌ని లిథియం టైటనేట్ అంటారు, మన ఫోన్లలో ఉండే రకం కాదు. బరువెక్కువ, ఖరీదెక్కువ, కానీ గబుక్కున ఛార్జ్ అవుతాయి, వేడెక్కి అంటుకుంటాయన్న భయం తక్కువ, వేల సార్లు ఛార్జ్ చేసినా తట్టుకుంటాయి. పడవ ఒడ్డుకొచ్చి జనం దిగి ఎక్కే టైములోనే ఓ పది పదిహేను నిమిషాల్లో ఛార్జ్ ఎక్కించెయ్యొచ్చు. పొద్దుట్నుంచి రాత్రి దాకా అటూ ఇటూ తిరిగే పడవకి కావాల్సింది ఇదే, రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పొద్దున వాడుకునేది కాదు. మధ్యలో ఏదైనా అయితే డీజిల్ జనరేటర్ ఉంది, అందుకే హైబ్రిడ్ అన్నారు.

తమాషా ఏంటంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక వైపే లేదు. ఇదే షిప్‌యార్డ్ వాళ్ళు నార్వేలో ఆస్కో అనే కంపెనీకి 67 మీటర్ల ఎలక్ట్రిక్ పడవలు రెండు కట్టి 2022లో ఓడ మీద ఎక్కించి పంపించారు, మారిట్, థెరీస్ అని పేర్లు, లారీ ట్రైలర్లని ఓస్లో ఫియర్డ్ దాటించడానికి. మనుషులు లేకుండా వాటంతటవే నడిచేలా ప్లాన్ చేశారు వాటిని. స్వీడన్ బ్యాటరీ కొచ్చికొస్తే, కొచ్చి పడవ నార్వేకెళ్ళింది. ఆఫీసులో షిప్‌యార్డ్ ఉద్యోగి కొడుకు ఒకడున్నాడు నా టీమ్‌లో, ఈ టాపిక్ ఎత్తామంటే ఆ రోజు స్టాండప్ మీటింగ్ కూర్చుని చేసుకోవాల్సిందే.

మా పిన్ని కొడుకు డెన్మార్క్‌లో ఉంటాడు, ఫ్యామిలీ గ్రూపులో అమ్మ పడవలో ఉన్న ఫొటో పెడితే వాడు వెంటనే ఎల్లెన్ అనే ఫెర్రీ ఫొటో పెట్టాడు. ఎరో అని వాళ్ళకో దీవి, అక్కణ్ణుంచి ఒడ్డుకి 2019 నుంచి పూర్తిగా బ్యాటరీ మీదే తిరుగుతోంది, కార్లు కూడా ఎక్కుతాయి, 22 నాటికల్ మైళ్ళు ఒక్క ఛార్జ్ మీద వెళ్ళొస్తుంది. యూరోపియన్ యూనియన్ డబ్బు, స్విట్జర్లాండ్ బ్యాటరీ. మాది పెద్దది అని వాడు, మాది ముప్పై రూపాయలు అని నేను. వాడు టికెట్ రేటు చెప్పలేదు.

ఆదివారం ఫోర్ట్ కొచ్చికి బయల్దేరాం. ఇక్కడ నేనొక తప్పు చేశా. హైకోర్టు దగ్గరున్న వాటర్ మెట్రో టెర్మినల్‌కి వెళ్ళాల్సింది, సెలవు రోజు రద్దీ ఎందుకులే అని మెరైన్ డ్రైవ్‌లో పిలిచి ఎక్కించుకునే ఒక ప్రైవేటు టూరిస్టు పడవ ఎక్కించా అమ్మని. పేరు వద్దులెండి. ఎక్కడానికి టైరు మీద కాలేసి గెంతాలి, ఇద్దరు పట్టుకుని లాగారు, పొగ ముక్కుల్లోకి, స్పీకర్లో పాటలు, లైఫ్ జాకెట్లు ఒక మూల మూటకట్టి ఉన్నాయి, విప్పడానికి కత్తెర కావాలి. అమ్మ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక "మొన్నటి పడవ ఇక్కడికి రాదా?" అని మాత్రం అడిగింది. వస్తుందమ్మా, నాదే బుద్ధి తక్కువ.

తిరుగు ప్రయాణం వాటర్ మెట్రోలోనే. ఫోర్ట్ కొచ్చి టెర్మినల్ 2024 ఏప్రిల్లో తెరిచారు, హైకోర్టు దాకా 40 రూపాయలు. సెలవుల్లో టూరిస్టులు ఎక్కువ, పడవకి వంద మందే కాబట్టి పొద్దున్నే వెళ్ళడం మంచిది. తెలిసినవాళ్ళు ఇంకో దారి చెప్తారు, హైకోర్టు నుంచి వైపిన్‌కి 20 రూపాయలే, అక్కణ్ణుంచి ఫోర్ట్ కొచ్చికి కార్లూ బైకులూ ఎక్కే రోరో ఉంది, కొన్ని నిమిషాల్లో దాటిస్తుంది, మన నరసాపురం సఖినేటిపల్లి పంటు లాంటిదే. అది డీజిలే అనుకోండి. 2025 అక్టోబర్ నుంచి మట్టాంచేరి, విల్లింగ్డన్ ఐలాండ్ టెర్మినళ్ళు కూడా తెరిచారు, మట్టాంచేరిలో దిగితే డచ్ ప్యాలెస్ పక్కనే. విల్లింగ్డన్ ఐలాండ్ దేవుడు చేసిన దీవి కాదు, రేవుని లోతు చెయ్యడానికి తవ్విన మట్టిని పోసి బ్రిటిష్ వాళ్ళ కాలంలో చేసింది, ఇది చెబితే అమ్మ "మట్టి పోస్తే దీవి అయ్యిందా, మనకి ఉన్న దీవే ఏటా కోసుకుపోతోంది" అంది. నా దగ్గర జవాబు లేదు.

టైముంటే వైకోమ్ కూడా వెళ్ళండి, అది వాటర్ మెట్రో కాదు, రాష్ట్ర జలరవాణా శాఖది. వైకోమ్ నుంచి తవణక్కడవుకి వేంబనాడ్ కాయల్ అనే పెద్ద సరస్సుని దాటించే ఆదిత్య అనే సోలార్ పడవ, 75 మంది పడతారు, 2017 జనవరి నుంచి తిరుగుతోంది, మన దేశంలో మొదటి సోలార్ ఫెర్రీ. కట్టింది నవాల్ట్ అని కొచ్చి కంపెనీ, దాన్లో ఫ్రాన్స్ వాళ్ళ భాగస్వామ్యం ఉంది. దాని పైకప్పంతా పలకలే. ఏసీ లేదు, హంగు లేదు, బుట్టలూ సంచులూ కాలేజీ పిల్లలూ, అచ్చం మా ఊరి పడవ, మోత ఒక్కటి తీసేస్తే. వాటర్ మెట్రో చూసి మురిసిపోయేవాళ్ళు దీన్ని కూడా ఒకసారి ఎక్కాలి, తక్కువ ఖర్చుతో ఏం చెయ్యొచ్చో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. ప్లాన్ 10 దీవులు, 38 టెర్మినళ్ళు, 78 పడవలు. ఖర్చు 1,137 కోట్లు. మొదలై ఇన్నేళ్ళయినా సగం టెర్మినళ్ళు కూడా తెరుచుకోలేదు, పడవలు కట్టడం నెమ్మదిగా నడుస్తోంది. దానివల్ల ఏమవుతుందంటే ఉన్న పడవలు జనం ఎక్కువుండే రూట్లకి పోతాయి, జనం ఎక్కువుండేది టూరిస్టు రూట్లలో, పడవ తప్ప దిక్కులేని దీవుల వాళ్ళు క్యూలో వెనక నిలబడతారు. మొదటి ఆరు నెలల్లోనే 10 లక్షల మంది ఎక్కారని పేపర్లో వేశారు, బాగానే ఉంది, అందులో పాలక్యాను పట్టుకుని ఎక్కినవాళ్ళెంతమంది, సెల్ఫీ స్టిక్ పట్టుకుని ఎక్కినవాళ్ళెంతమంది అనేది నాకు తెలుసుకోవాలనుంది. రేటు కూడా, నాకు 30 రూపాయలు లెక్క కాదు, నెల పాస్ 600 పెట్టి మొదలెట్టారు, ఉద్యోగస్తుడికి చవకే. కానీ పాత ప్రభుత్వ బోట్లు ఇంకా తిరుగుతున్నాయి, వాటి టికెట్టు చాలా తక్కువ, చేపలమ్మే ఆవిడ దేనిలో ఎక్కుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, కాక్కనాడ్ టెర్మినల్లో దిగితే ఐటీ కంపెనీలుండే ఇన్ఫోపార్క్ వచ్చేసినట్టు కాదు, ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంది. ముందు ఇది తెలియక వచ్చినవాళ్ళు ఆటోవాళ్ళతో బేరాలాడుకునేవాళ్ళు. 2025 జనవరి నుంచి మెట్రో వాళ్ళే ఎలక్ట్రిక్ ఫీడర్ బస్సులు వేశారు, మినిమం 20 రూపాయలు, ఇప్పుడు ఇంటి దగ్గర మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసు దాకా డీజిల్ వాసన తగలకుండా వెళ్ళొచ్చు, పడవ టైమూ బస్సు టైమూ ముందే చూసుకుని బయల్దేరితే.

అమ్మ వెళ్ళేరోజు స్టేషన్లో ట్రైన్ ఎక్కించేటప్పుడు ఆ మెట్లు, ఆ సందు చూసి "ఇదేంట్రా, రైలుకి పెట్టలేదా ఆ తెప్ప?" అంది.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాను. ఇంకా ఇల్లు చేరలేదు, మా రేవు దాకా వచ్చిందంట, వెనకాల ఇంజిను డబడబమని మోగుతోంది, ఆవిడ అరుస్తోంది, నేనూ అరుస్తున్నా. రాజోలు ఆవిడ ఫోన్ చేసిందా, పచ్చడి సీసా ఇచ్చావా, ఇవే కబుర్లు. మధ్యలో "ఉండరా ఉండు, ఒడ్డొచ్చింది, బల్లేస్తున్నారు, రెండు చేతులూ కావాలి" అని పెట్టేసింది.